వెళ్లకుండా రాసిన విచారణ

ఈ మాట పదకొండేళ్లుగా నా లోపలే ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. తప్పు మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

మొన్న హిందూపురంలో టీ అంగడి దగ్గర పేపరు చదువుతున్న ఒకాయన, ఏదో దేశంలో వరసగా గుళ్లు కురిపించే తుపాకులు జనానికి ఇవ్వాలా వద్దా అని చట్టసభలో కొట్లాడుకుంటున్నారని చెప్పాడు. "మన చట్టం గట్టిదప్పా. అట్లాటివి ఈడ ఎవరికీ ఇయ్యరు" అన్నాడు. నిజమే. మన దగ్గర పంట కాపలాకు ఒక గుండు పేల్చే తుపాకీ కావాలన్నా లైసెన్సు ఉండాలి. పోలీసులు, రెవెన్యూ వాళ్లు ఊళ్లో విచారించాలి. చట్టం గట్టిదే. ఆ విచారణకు పోవలసినవాణ్ణి నేను. టీ సగంలో వదిలేసి ఇంటికొచ్చాను.

అప్పుడు నేను పెనుకొండ వైపు ఒక మండలంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ని. వేరుశనగ చేనును అడవిపందులు తవ్వేస్తున్నాయని సంజీవప్ప అనే రైతు తుపాకీ లైసెన్సుకు పెట్టుకున్నాడు. ఫైలు నా బల్ల మీదికి వచ్చిన వారానికి అతని భార్య ఓబులమ్మ ఒక్కతే ఆఫీసుకు వచ్చింది.

"సార్, మా ఇంటాయప్పకు కండ్లు మసకగా ఉండాయి. పొద్దు వాలితే ఎదురుగా మనిషి నిలబడినా గుర్తు పట్టల్యాడు. తుపాకీ ఇయ్యొద్దని రాయండి."

"పందులు చేనంతా తినేస్తే ఏం చేస్తావమ్మా?"

"ఒక పంట పోతాది సార్. అంతే కదా."

"నువ్వు వచ్చినట్టు ఆయనకు తెలుసా?"

"తెలీదు. చెప్పొద్దండి సార్."

సరేనన్నాను. ఆ వారమంతా వాన. ఆ ఊరి దారి బురద. మా ఆఫీసుల్లో ఒక అలవాటు ఉంది, పాత రిపోర్టు ఒకటి తీసి పేరు, సర్వే నంబరు మార్చి రాసేయడం. నేనూ అదే చేశాను. దరఖాస్తుదారు సత్ప్రవర్తన కలవాడు, కంటిచూపు బాగుంది, ఎవరికీ అభ్యంతరం లేదు. సంతకం పెట్టి పంపేశాను. ఓబులమ్మ పేరు బయటపడితే ఇంట్లో గొడవవుతుందని, ఆమె మంచికే అలా రాశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె మంచి కావాలంటే స్వయంగా పోయి సంజీవప్ప కళ్ల ముందు నాలుగు వేళ్లు ఆడించి చూసి, ఆమె పేరెత్తకుండానే చూపు లేదని రాయొచ్చు కదా? అంతకన్నా నిజం ఇంకొకటుంది. ఒక పల్లె ఆడమనిషి మాటను ఫైల్లోకి ఎక్కించాలని నాకు తోచనే లేదు.

లైసెన్సు వచ్చింది. మరుసటి ఏడాది పక్క చేను పంట తీశాక, ఎరువు కోసం అందులో గొర్రెల మందను నిలిపారు. మంద కాసే గంగప్ప తుంపరకు నల్లకంబళి తలమీదుగా కప్పుకుని గట్టు పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. సాయంత్రం మసకలో సంజీవప్పకు పంది కనపడింది. కాల్చాడు. గంగప్ప అక్కడే పోయాడు.

పంచనామాకు నేనూ వెళ్లాను. ఆ చేనును నేను చూడడం అదే మొదటిసారి. పైనుంచి వచ్చిన అధికారి, లైసెన్సు విచారణలో ఎవరైనా అభ్యంతరం చెప్పారా అని అడిగాడు. లేదు సార్ అన్నాను. ఓబులమ్మ నాకు పది అడుగుల దూరంలోనే ఉంది. ఆమె వినింది.

అప్పుడే గంగప్ప భార్య వచ్చి, ఓబులమ్మ రెండు భుజాలూ పట్టుకుంది. "కట్టుకున్నదానివి, ఆయప్పకు కన్ను కనపడదని నీకు తెలీదా? ఎవరికన్నా ఒక్క మాట చెప్పింటే నా మొగుడు బతికింటాడు గదా."

ఓబులమ్మ నా వైపు చూసింది. నేను తల వంచి రాసుకుంటూనే ఉన్నాను.

సంజీవప్ప జైలుకు పోయి వచ్చి, మూడేళ్ల తర్వాత చనిపోయాడు. గంగప్ప భార్య ధర్మవరంలో మగ్గాల ఇళ్లలో పట్టుదారం చుట్టి బతుకుతోందని తెలిసింది. ఒకసారి ఆ వీధి మొదటిదాకా పోయి వెనక్కి వచ్చేశాను. తెలిసీ ఎవరికీ చెప్పలేదని ఊరు ఓబులమ్మను ఈరోజుకీ అంటుంది. ఆమె ఎందుకు నోరు విప్పలేదు? అధికారి ముందు నేను లేదన్నాక, ఆమె మాట ఎవరు నమ్ముతారు?

క్షమించమని అడగడం లేదు. అడగవలసిన వాళ్లు మీరు కారు. ఎవరో ఒకరికి తెలియాలి, అంతే. ఓబులమ్మ ముందే చెప్పింది. ఆఫీసుకు వచ్చి, నా ఎదురుగా నిలబడి, నాకే చెప్పింది.