నా పేరు పక్కన సువార్తక్క షుగర్

ఆ రోజు షెడ్డులో పని ముగించుకుని ఇంటికొచ్చి చెప్పులు విప్పితే ఎడమ చెప్పు లోపల తడిగా తగిలింది. మామిడి రసం అనుకున్నాను. చిన్న రసాలు దిగుతున్న రోజులు, షెడ్డులో ఎక్కడ అడుగేసినా పగిలిన కాయే. నేను గచ్చు మీద నడిచిన చోటల్లా మరకలు పడుతుంటే మా తోడికోడలు సువార్తక్క చూసి, "ఏమే కరుణా, కాలికేంటది? నెత్తురు కాదూ?" అంది. వంగి చూసుకున్నాను. చిటికెన వేలి పక్కన పుండు, అందులో చెక్కపెట్టెకు కొట్టే చిన్న మేకు. షెడ్డు నుంచి మా ఇంటికి కిలోమీటరు పైనే ఉంటుంది. ఆ మేకుతోనే నడిచి వచ్చాను, నాకేమీ తెలియలేదు.

మేకు గుచ్చుకున్నా నొప్పి లేనందుకు నేను సంతోషించాను. నా తెలివి అలా ఏడ్చింది.

మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. పదిహేనేళ్లుగా మామిడి షెడ్డులో కాయలు ఏరుతున్నాను. కాయను చేతిలోకి తీసుకుంటే చాలు, పైకి ఎంత నిగనిగలాడినా లోపల పురుగుందో లేదో చెప్పేస్తాను. ఆ పని తెలుసన్న పొగరు కూడా నాకు కాస్త ఎక్కువే. కాయ తొడిమ విరిస్తే కారే సొన చర్మం మీద పడితే కాలినట్టు పుండవుతుంది. ఎండాకాలంలో మా ఊళ్లో కాళ్లకూ చేతులకూ సొన పుండ్లు లేని ఆడమనిషి కనిపించదు. అందుకని ఏ పుండు పడ్డా మేం దానికి సొన పుండని ఒకటే పేరు పెడతాం, కొబ్బరినూనె రాసి ఊరుకుంటాం. నేనూ మేకు పీకి పారేసి అలాగే ఊరుకున్నాను. ఆ రోజుల్లో నోరు ఒకటే ఎండిపోయేది, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి వచ్చేది. రేకుల షెడ్డు వేడి అనుకున్నాను. దానికీ ఒక పేరు దొరికింది కదా.

పది రోజులకు పుండు మానకపోగా వాసన మొదలైంది. మా ఊరి హెల్త్ క్లినిక్‌కి పదిహేను రోజులకోసారి డాక్టరమ్మ వస్తుంది. ఆ రోజు చూసి వెళ్లాను. మా ఊరి నర్సు, ఏఎన్ఎం విజయ మేడం నా ఫోన్ నంబరు కొట్టగానే టాబ్‌లో నా పేరు, వయసు, నా పాత రీడింగులు అన్నీ వరసగా వచ్చాయి. డాక్టరమ్మ పుండు చూసి, "షుగర్ ఏమైనా ఉందా?" అని అడుగుతూనే టాబ్ తన వైపు తిప్పుకుంది.

"మూడేళ్లుగా నార్మలేనమ్మా. మొన్న ఫిబ్రవరిలో కూడా 104. ఇవాళ షుగర్ చూసే స్ట్రిప్స్ అయిపోయాయి, లేకపోతే ఒకసారి చూసేదాన్ని. సరేలే, మొన్నే కదా చూశారు. యాంటీబయాటిక్ రాస్తాను, డ్రెస్సింగ్ చేయించుకోండి" అంది డాక్టరమ్మ.

విజయ మేడం ముఖం పక్కకు తిప్పుకుంది. నేను నేల చూపులు చూశాను. మా ఇద్దరికీ తెలిసింది డాక్టరమ్మకు తెలియదు. ఆ 104 నాది కాదు.

ఇది ఎలా జరిగిందో చెప్పాలి. ఏటా ఊళ్లో ముప్పై దాటిన అందరికీ బీపీ, షుగర్ చూసి టాబ్‌లో ఎక్కించాలి. మేడం వచ్చే వేళకు మా వీధిలో ఆడవాళ్లం సగం మందిమి షెడ్డులోనో తోటలోనో ఉంటాం. ఆవిడకేమో ఆ రోజుకు మా వీధి పూర్తి కావాలి. మొదటి ఏడాది పొద్దున్నే, నేను పనికి బయల్దేరే ముందు ఫోన్ చేసింది. "మా సువార్తక్క ఇంట్లోనే ఉంటుంది మేడం, నాది కూడా ఆవిడకే చూసేయండి" అన్నది నేనే. మేడం కాసేపు నసిగింది, తర్వాత సరేనంది. షెడ్డులో కింద పడి పగులుతుందని నేను ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్తాను కాబట్టి, ఓటీపీ వస్తే అది కూడా అక్కే చదివి చెప్పింది. తన పేరుకు ఎడమ చేతి వేలు, నా పేరుకు కుడి చేతి వేలు. అలా మూడేళ్లు.

మా వీధిలో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. రేషన్ దగ్గర ఒకరి బదులు ఒకరం నిలబడతాం. ఒకరి పిల్లల్ని ఒకరం బడి నుంచి తెచ్చుకుంటాం. అక్క నా కోసం ఒక వేలు పొడిపించుకుంది, అంతే అనుకున్నాం. సాయంత్రం నేను వచ్చాక, "నీ షుగర్ నా షుగర్ కంటే రెండు ఎక్కువొచ్చిందే" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

ఆ రోజు క్లినిక్‌లో నేనెందుకు నోరు విప్పలేదని చాలామంది అడిగారు. మేడం ఉద్యోగానికి ఏమవుతుందోనన్న భయం నిజమే. ఇంకో సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. టాబ్‌లో నా పేరు పక్కన 104 అని కనిపించగానే నాకు ధైర్యం వచ్చింది. అది నా రక్తం కాదని నాకు తెలుసు. అయినా నా పేరు, నా వయసు, నా ఫోటో, పక్కనే నార్మల్. తెలిసి తెలిసి నమ్మేశాను. డాక్టరమ్మ మోసపోయింది తెలియక. నేను మోసపోయింది తెలిసి.

మందులు వాడిన వారం తర్వాత వేలు నల్లబడింది. చలి, జ్వరం. మా ఆయన ఆటో మాట్లాడి నూజివీడులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాడు, సువార్తక్క తోడు వచ్చింది. అక్కడ సిస్టర్ వేలు పొడిచి మీటరు చూసి, నేరుగా డాక్టరుకు చూపించింది. 412.

"ఎన్నేళ్ల నుంచి షుగర్ అమ్మా?" అని అడిగాడు డాక్టరు, నడివయసు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"లేదండి."

ఆయన కంప్యూటర్‌లో నా హెల్త్ ఐడీ కొట్టాడు. మా ఊరి క్లినిక్ టాబ్‌లో ఎక్కినవన్నీ అక్కడా కనిపించాయి. ఊరు మారినా వివరాలు మన వెంటే వస్తాయని విజయ మేడం ఎప్పుడూ చెప్పేది, నిజంగానే వచ్చాయి. ఆయన వాటిని కిందకీ పైకీ జరుపుతూ చాలాసేపు చూశాడు. సాయంత్రానికి మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బిఏ1సి రిపోర్టు వచ్చింది, పన్నెండుకు దగ్గర.

మా ఆయన్ని పక్కకు పిలిచినా నాకు వినబడుతూనే ఉంది. "మూడు నెలల కిందట 104. అంతకుముందు రెండేళ్లూ నార్మల్. మనిషి కూడా చిక్కిపోయింది. ఇంత తొందరగా ఎగబాకిందంటే మామూలు షుగర్ అనిపించడం లేదు. కడుపులో పాంక్రియాస్‌లో ఏదైనా గడ్డ ఉందేమో చూడాలి. విజయవాడ పంపిస్తాను, సీటీ స్కాన్ తీయించండి. అది తేలాక వేలి సంగతి చూద్దాం."

మా ఆయన గోడకు చేరగిలబడ్డాడు. గడ్డ అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు, మా మామగారు దానితోనే పోయారు. సువార్తక్క నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. విజయ మేడం గుర్తొచ్చింది. ఆవిడకు ఇద్దరు ఆడపిల్లలు, ఇంటికి ఆధారం ఆ ఉద్యోగమే. నేను నోరు తెరిస్తే ఆవిడకేమవుతుందో. తెరవకపోతే లేని గడ్డ కోసం నేను ఊళ్లు తిరుగుతుంటే ఉన్న పుండు పాదం పైకి పాకుతుంది. మా ఆయన అటు తిరిగి కళ్లు తుడుచుకోవడం చూశాక ఇక ఆగలేకపోయాను.

"సార్, ఆ నంబర్లు నావి కావు."

ఆయనకు అర్థం కాలేదు. "అంటే?"

"నాకెప్పుడూ చూడలేదు సార్. ఒక్కసారి కూడా."

సువార్తక్క లేచి టేబుల్ దగ్గరికి వెళ్లి కుడి చెయ్యి చాపింది. "అవి నావండీ. కరుణ పనికెళ్తే దాని బదులు నేను కూర్చున్నాను. కావాలంటే ఇప్పుడు చూడండి."

సిస్టర్ చూసింది. 106.

డాక్టరు మమ్మల్ని తిడతాడనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి కళ్లజోడు తీశాడు. "అమ్మా, నేను నీ కాలు చూసింది రెండు నిమిషాలు. ఈ లైన్లు చూసింది పావుగంట. ముక్కూ ముఖం తెలియని పేషెంటు వస్తే ఆ మనిషి గురించి నాకు చెప్పే చుట్టం ఈ రికార్డొక్కటే. ఇది చెప్పిందే నమ్ముతాను" అన్నాడు. తర్వాత సిస్టర్‌తో, "విజయవాడ వద్దు. ఇన్సులిన్ మొదలుపెట్టండి. సర్జన్‌ని రమ్మనండి" అన్నాడు.

చిటికెన వేలు, దాని పక్క వేలు తీసేశారు. ఇంకో వారం ఆలస్యమైతే పాదం పోయేదని సర్జన్ చెప్పాడు. ఆ మేకు నాకెందుకు తెలియలేదో కూడా ఆయనే చెప్పాడు. న్యూరోపతీ అంటారట, షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేక కాలి నరాలు మొద్దుబారడం. నొప్పి లేదని నేను మురిసిపోయింది అందుకన్నమాట.

ఇంటికొచ్చాక బుద్ధిగా ఉన్నానని చెప్పను. కుట్లు మానుతున్నాయని నెల తిరక్కుండానే షెడ్డుకెళ్లి నిలబడ్డాను. కలెక్టర్ రకం మామిడికాయల చివరి లోడ్లు, నేను లేకపోతే అక్కడేదో ఆగిపోతుందన్నట్టు. మూడో రోజు కుట్లు విడిపోయాయి. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ రెండు నెలలు రోజూ డ్రెస్సింగ్. సువార్తక్క నన్ను ఆ రోజు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆదివారం గుడిలో పాటలు పాడే నోరు అది.

నా మాట పైఅధికారుల దాకా వెళ్లి విజయ మేడంకు మెమో వచ్చింది. ఉద్యోగం పోలేదు. కానీ డ్రెస్సింగ్‌కి క్లినిక్‌కి వెళ్తే నాతో అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. గాజుగుడ్డ తీసి, పుండు కడిగి, కట్టు కట్టి, "రేపు రండి" అనేది. నాకు తల కొట్టేసినట్టుండేది. అలవాటు మొదలుపెట్టింది నేను, మెమో ఆవిడకు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మేడం, నా పాత నంబర్లు తీసేయొచ్చుగా? అవి చూస్తే కడుపు రగిలిపోతోంది."

"తీయడం కుదరదండీ. ఒకసారి ఎక్కింది అలాగే ఉంటుంది. కింద నోట్ రాయొచ్చు." టాబ్ తీసింది. తర్వాత నా ఎదురుగానే టైపు చేసి, తెలుగులో చదివి వినిపించింది. "పై మూడు రీడింగులూ ఈ పేషెంటువి కావు." కింద తన పేరు కూడా రాసుకుంది. ఆ తర్వాత కట్టు కడుతూ, తల ఎత్తకుండానే అడిగింది. "మీ షెడ్డులో ఇంకెంతమంది ఉన్నారు ఇలాంటివాళ్లు?"

నేను వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. రెండు చేతులూ చాలలేదు.

ఇప్పుడు నాకు ఇన్సులిన్ అలవాటైపోయింది. మెత్తటి అడుగున్న చెప్పులు వేసుకుంటాను, సాయంత్రం చిన్న అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. కాళ్లు నాకేమీ చెప్పవు కాబట్టి నేనే అడిగి తెలుసుకోవాలి. మొన్న హెచ్‌బిఏ1సి ఏడుకు వచ్చింది. షెడ్డులో ఇప్పుడు కూర్చుని చేసే పనే చేస్తున్నాను. రసాలు ఎదురుగా పెట్టుకుని తినకుండా ఏరడం మాత్రం ఏ డాక్టరూ నేర్పలేదు, తంటాలు పడుతున్నాను.

ఈ ఏడాది కాయ దిగడం మొదలవగానే విజయ మేడం పొద్దున ఆరింటికి షెడ్డు దగ్గరికే వచ్చింది, లోడు దించక ముందే. ఖాళీ పెట్టె బోర్లించి టాబ్ పెట్టుకుంది. ఒక్కొక్కరూ వచ్చి వేలు ఇస్తున్నారు. రీడింగు ఎక్కించే ముందు పేరూ నంబరూ పైకి చదివి వినిపిస్తోంది. మూడేళ్లుగా నార్మల్ అని ఉన్న ఇద్దరికి ఆ పొద్దున షుగర్ బయటపడింది. వాళ్ల కాళ్లకు ఇంకా ఏమీ కాలేదు.

చివర్లో నాతో కాయలు ఏరే మేరీ వచ్చి తనది చూపించుకుని, రెండో చెయ్యి కూడా చాపింది. "మేడం, మా అత్త చాట్రాయి వెళ్లింది. ఆవిడ బదులు నాదే చూసేయండి, మీకు మళ్లీ శ్రమెందుకు."

మేడం నా వైపు చూసింది. నేను ఎడమ చెప్పు విప్పి కాలు పెట్టె మీద పెట్టాను. మేరీ నా మూడు వేళ్ల పాదాన్ని చూసి, చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"మీ అత్త ఎప్పుడొస్తుందో చెప్పు. ఆ రోజు నేనే వస్తా" అంది మేడం.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఊళ్లో టాబ్ పట్టుకుని వచ్చేవాళ్లకు మీ వేలు మీరే ఇవ్వండి, ఎక్కించింది పైకి చదివించుకుని వినండి. పనిలో ఉంటే ఇంకో రోజు రమ్మనండి. అప్పటిదాకా మీ పేరు పక్కన ఖాళీగానే ఉండనివ్వండి. నా పేరు పక్కన ఆ మూడేళ్లూ ఖాళీగా ఉండి ఉంటే, స్ట్రిప్స్ లేని ఆ రోజు కూడా డాక్టరమ్మ నన్ను ఊరికే ఇంటికి పంపేది కాదు.