మా ఇంట్లో కాలేజీ చూపులు

ఇప్పుడు పిల్లలు కుర్చీలోంచి లేవకుండానే దేశంలో ఉన్న కాలేజీలన్నీ జల్లెడ పట్టేస్తున్నారు గానీ, ఆ రోజుల్లో, అంటే అరవైల్లో, బెంగాల్లో రైల్వే ఊరైన మా ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో ఒక ఆడపిల్ల హయ్యర్ సెకండరీ గట్టెక్కి కాలేజీలో చేరుతుందంటే క్వార్టర్ల వరసంతా సలహాదారులే. నాకు లెక్కల్లో మంచి మార్కులొచ్చి, ఏకంగా మూడుచోట్ల సీటొచ్చింది. ఒకటి విజయనగరంలో. అక్కడ మా మేనత్త ఉంది కాబట్టి తిండికీ పడకకీ ఖర్చు లేదు. రెండోది కలకత్తాలో, పేరున్నది, హాస్టల్లో ఉండాల్సింది, ఖరీదైనది. మూడోది పక్కనే మేదినీపూర్‌లో. పొద్దున్న రైలెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. అంత దగ్గర కాబట్టే దాన్నెవరూ పట్టించుకోలేదు. వర్క్‌షాప్‌లో ఫిట్టరైన మా నాన్నకి విజయనగరం మీద మనసు. "మనోళ్ళ మద్దిన ఉంటే మన బాస ఒంటబడతాది" అనేవాడు. నాకేమో కలకత్తా మీద (కారణం పెద్దదేం కాదు, ట్రాము). మా అమ్మకి మాత్రం నేను ఇంట్లోనే ఉండి పప్పు రుబ్బిపెట్టాలని. చివరికి నాన్న, "సూడకుండా ఏటి తేలుస్తాం? పాసుంది కదా, ఎల్లి సూసొద్దాం" అని తీర్పు చెప్పాడు. రైల్వేవాళ్ళకి పాసు మీద ప్రయాణం ఉచితం కనక, మా ఇళ్ళల్లో ఏ సందేహానికైనా మందు రైలెక్కడమే.

మొదట విజయనగరం వెళ్ళాం. ప్రిన్సిపాలుగారు ఇస్త్రీ నూలుచీరలో, ఆ చీరకంటే శుభ్రమైన తెలుగులో, "రా అమ్మా, కూర్చో. నీ గురించి చెప్పు" అన్నారు. బళ్ళో టీచర్లని పిలిచే అలవాటుకొద్దీ నేను చేతులు జోడించి, "నమస్కారం దీదీమొణీ! నాను ఖరగ్‌పూర్ కాణ్ణించొచ్చినాను. ఓంకోలో ఖూబ్ మార్కులొచ్చినాయి" అన్నాను. (ఓంకో అంటే బెంగాలీలో లెక్కలు. అది తెలుగు మాట కాదని నాకు ఆ రోజే తెలిసింది.) ఆవిడ నన్ను ఎంతో వాత్సల్యంగా చూసి, నాన్న వైపు తిరిగి, "అమ్మాయికి తెలుగు ఎన్నాళ్ళ నుంచి నేర్పిస్తున్నారండీ? చక్కగానే పట్టుకుంది" అన్నారు. నాన్న మొహం చూడాలి! "నేర్పడమేటండమ్మా! పుట్టినకాణ్ణించీ ఇదే మాటాడతంది!"

ఈ సంగతి నాన్న అత్త ఇంటికొచ్చి చెప్పడంతో కొంప మునిగింది. అత్త బంగారంలాంటి మనిషే, కాకపోతే సరదా ఎక్కువ. సాయంత్రానికల్లా వీధిలో ఆడవాళ్ళందరినీ అరుగు మీదికి పోగేసి, "ఏదే కోడలా, ఆ మాట ఇంకోపాలి అను!" అంది. నేను "ఓంకో" అన్నాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు. ఎవరో కొత్తగా వచ్చారు, మళ్ళీ అనిపించారు. డిగ్రీ అయ్యేదాకా ఆ వీధి వినోదం బాధ్యతంతా నాదేనని అర్థమైపోయి, తిరుగు బండిలో "నానెల్లను నాన్నా" అనేశాను. ఆయన ముందు మొహం ముడుచుకున్నా, చివరికి తనే ఫక్కున నవ్వేశాడు.

తర్వాత కలకత్తా. ట్రామెక్కాను, జన్మ ధన్యమైంది. హాస్టల్ వార్డెన్ పెద్దావిడ, చూపుతోనే నిలబెట్టేసేలా ఉంది. నాన్న బెంగాలీ అంతా వర్క్‌షాప్‌లో నేర్చుకున్నది. అక్కడ అందరూ అందరికీ 'తుమి', అంటే నువ్వే. పెద్దవాళ్ళని మీరు అనడానికి వేరే మాట ఉందని ఆయన చెవిన ఎప్పుడూ పడినట్టు లేదు. అంచేత ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టి, "తుమి కెమొన్ ఆఛో, దీదీ?" అని ఆవిడని ఏకవచనంలో కుశలమడిగాడు. ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. అక్కణ్ణించి నియమాలు మొదలుపెట్టింది. గేటు ఎప్పుడు మూస్తారో, చుట్టాలు ఎప్పుడు రావచ్చో చెప్పి, ఆఖర్న, భోజనాల దగ్గర మాటలుండకూడదంది. "ఒక్కటీనా?" అన్నాను. "ఒక్కటీ" అంది.

ఫీజు సంగతి విన్నప్పట్నించీ నాన్న వేళ్ళ మీద లెక్కలేస్తూనే ఉన్నాడు. హౌరా ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ, "నీకిష్టమైతే ఓవర్‌టైమ్ సేస్తాను. సూసుకుందాం" అన్నాడు. కాస్త ఆగి, "గాని అమ్మా, మాటాడకుండా అన్నం మింగుడుపడతాదేటి?" అన్నాడు. రెండో మాటకి నవ్వొచ్చింది, మొదటి మాటకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. నా కలకత్తా మోజు అక్కడే, ఆ ప్లాట్‌ఫారం మీదే దిగిపోయింది.

ఇక మిగిలింది మేదినీపూర్. నాన్నకి సెలవు దొరక్క అమ్మ నాతో బయల్దేరింది. నాన్న తోడులేకుండా రైలెక్కడం ఆవిడకదే మొదటిసారి, నా చెయ్యి వదిలితే ఒట్టు. ఆడవాళ్ళ పెట్టె నిండా కాలేజీ పిల్లలు. మా ఊళ్ళోనే ఝపటాపూర్ పేట నుంచి వచ్చే ఒక బెంగాలీ అమ్మాయి, ఒక గార్డుగారి పంజాబీ కూతురు, ట్రాఫిక్ కాలనీ తెలుగమ్మాయి. ఈ మూడోదాన్ని గొంతుని బట్టి అందరూ ఇంజను అనేవారు. మాట తెలుగులో మొదలెట్టి, హిందీలో మలుపు తిప్పి, బెంగాలీలో దింపుతున్నారు. ఏం చదువుతావని అడిగితే నేను భయపడుతూ "ఓంకో" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. "బాప్‌రే! ఆ మాస్టారు శానా కడక్, తప్పు సేస్తే ఒగ్గడు. నా పక్కన కూకో, బయం నేదు" అంది ఇంజను. కాసాయి నది వంతెన మీదికి బండి వచ్చేసరికి అమ్మ జంతికల డబ్బా మూత తీసింది. వంతెన దాటేసరికి పంజాబీ పిల్లకి గోంగూర పచ్చడి ఎలా పెట్టాలో తెలుగులో చెప్పేస్తోంది. ఆ పిల్లా శ్రద్ధగా తలూపేస్తోంది.

బండి దిగేసరికి కుండపోత వాన. మోకాళ్ళ దాకా తడిసి గేటు దగ్గరికి చేరితే, దర్వాను గొడుగు కిందనించి "ఆజ్ రెయినీ డే! ఛుటీ!" అని అరిచాడు. వాన ఎక్కువైతే సెలవిచ్చేస్తారట. పిల్లలంతా కేరింతలు. అందరికంటే గట్టిగా కేక వేసింది నేను (ఇంకా చేరనైనా లేదు!). స్టేషన్‌కి పరిగెత్తి, వేడివేడి టీలు తాగుతూ, ఆవనూనె వాసన గుప్పుమనే ఝాల్‌ముడి మరమరాలు పొట్లాలు పొట్లాలు తిన్నాం. అమ్మ చెంగు నెత్తిన కప్పుకుని, చిన్నపిల్లలా కిలకిలా నవ్వుతూ ఇంకో పొట్లం అడిగింది.

ఇంటికి రాగానే నాన్న ఆత్రంగా, "ఎలాగుందే కాలేజీ?" అన్నాడు. అమ్మ చెంగు పిండుకుంటూ, "కాలేజీ మూసీసుంది. రైలు బాగుంది" అంది. నాన్న అమ్మ మొహం చూశాడు, నా మొహం చూశాడు. "రైలు బాగుంటే ఇంకేటి కావాలి!" అన్నాడు.

అలా ఆ కాలేజీ గేటు లోపల ఏముందో తెలియకుండానే చేరిపోయాను. లెక్కల మాస్టారు నిజంగానే కడక్. ఆయన ధర్మమా అని నేనూ లెక్కల టీచరునై, రిటైరు కూడా అయ్యాను. ఇప్పటికీ తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని సలహాకి వస్తుంటారు. నేను గంభీరంగా కళ్ళజోడు సర్దుకుని, ఖర్చెంత, దూరమెంత, పిల్ల మనసుకి పడుతుందా అని పద్ధతిగా విడమరిచి చెబుతాను. వాళ్ళు బుద్ధిగా తలూపి వెళ్ళిపోతారు. అప్పుడు తడిసిన రెండు జడలతో, నోటినిండా మరమరాలతో, తను చేరని కాలేజీకి సెలవిచ్చారని గంతులేసిన ఆ పిల్ల గుర్తొచ్చి, ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటాను. దానికి నా సలహా ఒక్కటీ అక్కర్లేకపోయింది.