తారుమారైన రెండు వారాలు, మధ్యలో మానేసిన మందు

ఆ రోజు లెడ్జరు పుస్తకాల అంచులకు ఎర్రరంగు పూస్తున్నాను. దగ్గు తెర వచ్చింది. చేతిరుమాలు చూస్తే ఎర్రగా ఉంది. రంగే అంటుకుని ఉంటుందని పని చేసుకుపోయాను. మర్నాడు రంగు ముట్టుకోకుండానే ఎర్రగా పడింది. దాన్ని కిళ్ళీ మీదికి నెట్టాను. నాకు లోకంలో అందరిమీదా అనుమానమే గాని, నా ఒంటిమీద మాత్రం ఎందుకో మహా నమ్మకం.

బెజవాడ గవర్నరుపేటలో నాది చిన్న బైండింగు షాపు. మా ఆవిడ మార్తమ్మ పోరు పడలేక ఆసుపత్రికి వెళ్ళాను. ఎక్స్‌రే తీశారు, కళ్ళె పట్టి స్పుటం టెస్టు చేశారు.

"కుడి లంగ్‌లో కేవిటీ, అంటే చిల్లు, ఉందయ్యా. టి.బి. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, ఐ.ఎన్.హెచ్. మాత్రలు. ఏడాదిన్నర తప్పదు" అన్నారు డాక్టరుగారు.

ఏడాదిన్నరా! ఈయన నామీద వైద్యం నేర్చుకుంటున్నాడేమో అనిపించింది. వార్డులో చేరాక ఇంజెక్షన్లకు చెవుల్లో ఒకటే హోరు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే, ఇది ఆఖరి ప్రార్థనేమో, అందరూ కలిసి నా దగ్గర దాస్తున్నారేమో అని ఆ పూట అన్నం దిగలేదు.

అన్నిటికన్నా పెద్ద అనుమానం బావమరిది దావీదు మీద. నా దగ్గర పని నేర్చుకుని, నాతోనే పోట్లాడి, పక్క వీధి ప్రెస్సులో చేరినవాడు. పోతూ పోతూ నా స్కూలు ఆర్డర్లు కూడా పట్టుకుపోయాడు. అలాంటివాడు నేను చేరి వారం తిరక్కుండా వార్డుకొచ్చి, "బావా, షాపు నేను చూసుకుంటా. నువ్వు నిమ్మళంగా పడుకో" అన్నాడు. ప్రెస్సువాళ్ళు గెంటేసి ఉంటారు, దిక్కులేక వచ్చాడనుకున్నాను. తాళాలైతే ఇచ్చాను గాని, ప్రాణమంతా షాపులోనే ఉంది.

కాలక్షేపానికి ఒక పుస్తకం తెప్పించుకున్నాను. జనం వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి దాచుకుని, కథ అయిపోగానే మా దగ్గర బైండు చేయించుకుంటారు. అలా మైలవరం టీచరమ్మ ఒకావిడ ఇచ్చి, మళ్ళీ రాలేదు. మాయల మంత్రాల నవల. పోయిన వయసు తిరిగొస్తుందన్న ఆశతో ఒక పడవవాడు తన ఊరి ఏటినే మాంత్రికుడికి అప్పజెప్తాడు. ఊరు ఎండిపోతుంది. చివరికి ఏటిని వెనక్కి తెచ్చి, తను ముసలివాడైపోతాడు. పత్రికలో వారంవారం చదివినప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. మంచంమీద రెండోసారి చదివితే ఒళ్ళు మండింది. మాంత్రికుడు తన్ని తగిలేశాకే వీడికి ఊరు గుర్తొచ్చింది! ఇదేం మారడం? అచ్చం దావీదే అనుకున్నాను.

నాలుగో నెలకి దగ్గు ఆగింది. ఒళ్ళు కూడా చేసింది. "స్పుటం నెగెటివ్ వచ్చింది గాని, రోగం లోపలే ఉంది" అన్నారు డాక్టరుగారు. నేను వింటేనా! చెప్పాపెట్టకుండా బస్సెక్కి షాపుకొచ్చేశాను. దావీదు సూదీ దారం పట్టుకుని పుస్తకం కుడుతున్నాడు.

"బావా! ఎవరు పంపించారు నిన్ను?"

"నా షాపుకి నేను రావడానికి ఒకరు పంపాలా?" అని తాళాలు లాక్కున్నాను.

మందులు మానేశాను. రెండు నెలలకే గుప్పెడు రక్తం కక్కుకున్నాను.

"నీకు రోగంకన్నా తొందరెక్కువయ్యా. మళ్ళీ మొదటినుంచీ మొదలెట్టాలి. ఈసారి ఆపితే నా దగ్గర ఇంక మందు లేదు" అన్నారు డాక్టరుగారు. చచ్చేంత భయమేసింది. మార్తమ్మ ముఖం చూడలేకపోయాను.

దావీదు మళ్ళీ వార్డుకొచ్చాడు. తాళాల మాట ఎత్తలేదు. మంచం పక్కన కూర్చుని ఆ నవల తిరగేస్తూ, "ఇది కుట్టిందెవరు బావా?" అన్నాడు.

"నేనే. ఏం?"

"రెండు వారాల పేజీలు తారుమారయ్యాయి. ఏటిని తెచ్చే వారం ముందు రావాలి. అందుకే గదా మాంత్రికుడు వాణ్ణి తన్నింది!"

తీసుకుని చూశాను. అంచు కోసేటప్పుడు పేజీ నంబర్లు కూడా కోసేసి, వరస చూసుకోకుండా కుట్టేశాను. ఇరవై ఏళ్ళుగా బైండింగు చేస్తున్నవాణ్ణి! మూడోసారి సరైన వరసలో చదివితే మళ్ళీ ఏడుపొచ్చింది.

సాయంత్రం మార్తమ్మ రాగానే అడిగాను, "మీ తమ్ముణ్ణి ప్రెస్సులోంచి ఎప్పుడు తీసేశారు?" అని.

"తీసెయ్యడమేంటండీ? మీకు జబ్బని తెలిసిన రోజే వాడే మానేశాడు. వాళ్ళు వద్దంటున్నా వినలేదంట."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే నమ్మే మనిషేనా మీరు?"

ఆ రాత్రి మాత్రలు ఎవరూ చెప్పకుండానే మింగాను.

మందులు పూర్తయి ఏడాదైంది. ఎక్స్‌రే బాగుంది. దావీదూ నేనూ పక్కపక్కనే కూర్చుని పని చేసుకుంటున్నాం. ఇప్పటికీ వాడు కుట్టిన పుస్తకం ఒకసారి తిరగేసి చూడందే నాకు నిద్ర పట్టదు. "ఈ జబ్బుకి మందు లేదు బావా" అని నవ్వుతాడు.

ఇలాంటి రోగంతో ఉన్నవాళ్ళకు నాకు తెలిసింది ఒక్కటే. దగ్గు ఆగినంత మాత్రాన మందు ఆపకండి, డాక్టరు చాలన్నదాకా వేసుకోండి. డాక్టరునైనా, మాత్రనైనా, సొంత బావమరిదినైనా కావలసినంత అనుమానించండి. కాకపోతే, ముందు మాత్ర మింగి అప్పుడు అనుమానించండి.