రంగు తక్కువ

మొన్న మా అమ్మ సంవత్సరీకానికని సర్రీ నుంచి మా మేనకోడలు ఒక పటం పంపింది. విప్పి చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోనులో అమ్మ ఫొటో పెట్టి నొక్కితే ఆయిల్ పెయింటింగ్ అయి బయటికొచ్చిందట, దాన్ని కాన్వాసు మీద అచ్చు వేయించిందట. కుంచె గీతలున్నాయి, పట్టుచీర తళతళలాడుతోంది, అమ్మ మాత్రం లేదు. పాలలో ముంచి తీసినట్టున్న ఎవరో పెద్దావిడ మా అమ్మ బొట్టు పెట్టుకుని కూర్చుంది. ఫోను చేసి నిలదీస్తే, "నేనేం చెయ్యలేదత్తా, అదే అలా చేసుకుంటుంది, ఇట్స్ జస్ట్ ఎ ఫిల్టర్" అంది. పిల్లను అని ఏం లాభం గాని, ఆ కోపం నాకింకా చల్లారలేదు.

మా అమ్మ నల్లగా ఉండేది. మనవాళ్ళు ఆ మాట అనరు కదా, రంగు తక్కువ అంటారు. పెళ్ళిచూపుల నాడు మా నాయనమ్మ అన్న ఆ మాటను అమ్మ జీవితాంతం మోసింది. ఫొటో అంటే చాలు, ముందు పౌడరు డబ్బా వెతుక్కునేది.

ఆ మాట ఎంత అబద్ధమో నాకు కెనడా వచ్చాక, రెజైనాలో తెలిసింది. మావారి ఉద్యోగం కోసం అక్కడ కాపురం పెట్టిన కొత్తలో, గుమ్మం దాటనివ్వని ఆ చలికాలాల్లో పిచ్చెక్కిపోతోందని కమ్యూనిటీ హాల్లో తైలవర్ణాల క్లాసులో చేరాను. పాఠం చెప్పే పెద్దావిడ, సొంత బొమ్మల సంగతి తర్వాత, ముందు ఒక గొప్ప బొమ్మను ఉన్నదున్నట్టు దించమని, పాతకాలపు ఫ్రెంచి చిత్రకారుడెవరో వేసిన పొలంలో కూలి చేసే ఒక ఆడమనిషి ముఖం నా ముందు పెట్టింది. ఎండకు కమిలిన చెంపలు, మట్టి కొట్టుకుపోయిన నుదురు. కష్టపడి దించి, మెచ్చుకుంటుందని నేను చూస్తుంటే, ఆవిడ రంగులు కలిపే కత్తి తీసుకుని తడి ఆరని ఆ ముఖమంతా గీకేసింది. నాకు తెలియకుండానే ఆ కూలి మనిషిని తెల్లబరిచానట! నిజమే, ఆడమనిషి ముఖం అనగానే నా చెయ్యి తెల్లరంగు ట్యూబు మీదికే పోయింది, మర్నాడు ఆ బొమ్మలో మనిషికి పెళ్ళివారు వస్తున్నట్టు.

మళ్ళీ మొదలుపెట్టాక కళ్ళు తెరుచుకున్నాయి. నేను వేసిన తెల్ల ముఖం తెలుపులో కాస్త ఎరుపు, పసుపు కలిపితే గడిచిపోయింది. ఈ ముఖానికి మట్టిరంగు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, రంగుల పలక మీద ఉన్నవన్నీ పెట్టినా ఇంకా ఏదో కావాలంది. మరి ఎవరికండీ రంగు తక్కువ? ఆ సాయంత్రం బస్సులో ఇంటికొస్తూ ఎప్పుడో పోయిన నాయనమ్మ మీద పళ్ళు నూరుకున్నాను.

వేసవిలో అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు కిటికీ పక్కన కూర్చోబెట్టాను. పౌడరు రాసుకుని వస్తే ముఖం కడిగించాను. "కాస్త తెల్లగా వెయ్యవే, నీ సొమ్మేం పోయింది" అని బతిమాలింది. కుదరదన్నాను. అలిగింది, అయినా కదలకుండా కూర్చుంది. పూర్తయ్యాక దగ్గరికొచ్చి చాలాసేపు చూసి, "ఇది నేను కాదే, మా అమ్మ" అంది. అమ్మమ్మకు ఒక్క ఫొటో కూడా లేదు, తీయించుకోవడానికి ఎప్పుడూ ఒప్పుకునేది కాదట. ఎందుకని నేను అడగలేదు. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది గాని, మళ్ళీ తెల్లగా వెయ్యమని మాత్రం అనలేదు.

ఆ బొమ్మ ఇప్పుడు మేముంటున్న కిచెనర్‌లో, మా హాల్లో ఉంది. మేనకోడలు పంపింది కూడా పక్కనే పెట్టమంటాడు దాని తండ్రి, మా తమ్ముడు, పిల్ల నొచ్చుకుంటుందని. నేను పెట్టను. వాళ్ళింట్లో మాత్రం అలాంటి పటానికే దండ వేశారు. రేపు పుట్టబోయే పిల్లలు దాన్నే చూసి ముత్తవ్వ అనుకుంటారు. ఆ రోజుల్లో తెల్లగా వెయ్యమని అమ్మ నోరు తెరిచి అడిగింది, కుదరదని నేను అనగలిగాను. ఇప్పుడు ఎవరూ అడగకుండానే అందరూ తెల్లబడిపోతున్నారు, కుదరదని నేనెవరితో చెప్పను?