మా వీధినంతా తిట్టిన చెంగల్రాయన్న

మొన్న మంగళవారం పొద్దున మా చెంగల్రాయన్న పోయాడు. తన సైకిలంగడిలో ట్యూబుకు గాలి కొడుతూ అలాగే ఒరిగిపోయాడట. మా అన్న పోయాడంటే నాకు ముందు నమ్మబుద్ధి కాలేదు. నేను చెప్తా, నువ్వు రాసుకో అమ్మీ, నేను ఏడ్చినా ఆగొద్దు.

తిరుపతి గంగజాతరలో వేషం కట్టినవాళ్ళు ఎవరినైనా తిట్టొచ్చు. అది మొక్కు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. అన్న ఒళ్ళంతా కుంకుమ పూసుకొని బయల్దేరితే తిట్లు తినడానికే వీధంతా గడపల్లోకి వచ్చేది. పోలీసాయన్ను బొజ్జ మీద, బట్టల శెట్టిని గజంబద్ద మీద, నన్ను నా వాగుడు మీద తిట్టేవాడు. "యాడ నేర్చినావన్నా ఇన్ని తిట్లు?" అంటే, "మీ మొకాలు సూస్తే వాటికవే వస్తాయి కదమ్మే!" అనేవాడు.

ఒక ఏడు అన్న కూతురు కాళ్ళు చచ్చుబడి మంచం పట్టింది. బిడ్డ నడవాలని మొక్కుకొని వేషం కట్టాడు. గుడి చేరేదాకా కుంకుమ కడగకూడదు, కడిగితే మొక్కు చెడినట్టే.

ఇడ్లీలమ్మే మరియమ్మ అప్పుడే మా వీధికి కాపురం వచ్చింది. కిరస్తానీ మనిషి. పై వీధి వేషగాడొకడు ఆమె గడప ముందు నిలబడ్డాడు. ఆమె ఇడ్లీలను తిట్టలేదు, ఆమె నోటిని తిట్టలేదు. ఆమె దేవుణ్ణి, ఆమె పుట్టుకను తిట్టాడు. మీలాంటివాళ్ళను ఊరి నుంచి తరిమెయ్యాలన్నాడు. లోపల ఆమె బిడ్డ ఏడుస్తోంది. వేషగాణ్ణి ఆపకూడదు కదా అని మేమంతా నోళ్ళు మూసుకున్నాం.

అన్న మా వాకిట్లోని బిందె ఎత్తి నెత్తిన కుమ్మరించుకున్నాడు. కుంకుమంతా కారిపోయింది. వదిన "అయ్యో, బిడ్డ మొక్కు!" అని గుండెలు బాదుకుంది. అన్న తడి బట్టలతోనే పోయి మరియమ్మ గడపలో కూర్చున్నాడు.

"ఇప్పుడు నేను యేషగాణ్ణి కాదు, ఈ ఇంటి పక్కోణ్ణి. తిట్టురా, సూస్తా."

"జాతరలో నువ్వు తిట్టలేదా అన్నా?" అన్నాడు వాడు.

"నేను తిట్టినోడు రేపు నా అంగడికొచ్చి నన్నే తిట్టిపోతాడు. నువ్వు తిట్టినాక ఈయమ్మ రేపు ఈడ ఉండగలదా? అది తిట్టు కాదురా, తరమడం."

వాడు తల దించుకొని వెళ్ళిపోయాడు.

మొక్కు చెడిందని వదిన ఏడాదంతా ఏడ్చింది. "ఇంకొకరి బిడ్డ ఏడుపు మీద మన బిడ్డ నడిస్తే ఆ గంగతల్లి మెచ్చుకుంటుందామ్మే?" అనేవాడు అన్న. అంటూనే కూతురి కాళ్ళ వైపు చూసేవాడు. ఎంత గుండె! బిడ్డ నడిచింది గానీ, కాలు ఇప్పటికీ కుంటే. అన్న ఏనాడూ వగచలేదు.

మరుసటేడు జాతరలో అన్న మరియమ్మ ఇల్లు దాటి పోతుంటే ఆమె అడ్డం నిలబడింది.

"ఏందన్నా, వీధంతా తిట్టి మా ఇల్లు వదిలిపెడతాండావు? మేము ఈ వీధోళ్ళం కాదా?"

అన్న తెల్లబోయాడు. ఆ తర్వాత అందుకున్నాడు చూడూ! "నీ ఇడ్లీతో కొడితే కొండ మీది ఏనుగు దొర్లుకుంటా కిందికొస్తుంది గదే!" మరియమ్మ కడుపు పట్టుకొని నవ్వింది.

అంతటి మనిషి మా వీధిలో పుట్టడం మా అదృష్టం. ఇంకొకరు రారు.

మొన్న అందరం చుట్టూ చేరి ఏడుస్తుంటే మరియమ్మ వచ్చి అన్న కాళ్ళ దగ్గర కూలబడింది. "లెయ్యన్నా, సోమరిపోతా! జాతరకు నెల కూడా లేదు. మమ్మల్ని తిట్టేదెవురు?" అని గట్టిగా తిట్టింది.

అన్న తిరిగి ఒక్క మాటా అనలేదు. పోయాడని నాకు అప్పుడు తెలిసింది.