కేకు మాట విన్న ఎస్తేరమ్మ అత్త

ఈస్టరుకు ముందు వారం మా మేనత్త ఎస్తేరమ్మ గారు మైపాడులోని తన ఇంట్లో ప్రభువునందు నిద్రించారు. నేను ఫ్యాక్టరీలో ఉండగా నాన్న ఫోను చేసి, "అక్క పోయిందిరా" అని పెట్టేశాడు. నమ్మలేకపోయాను. ముందురోజే నాతో మాట్లాడి, కేకు గిన్నె తోమి బోర్లించానని చెప్పింది. కాసేపటికి తేరుకున్నాక నాకు తోచింది ఒక్కటే: ఇక నాన్న, పెదనాన్న ఒక గదిలో కూర్చునేదెట్లా?

మన సంఘంలో ఆమె కేకు తిననివారు లేరు. ఈస్టరు తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున ఆరాధన ముగిశాక, టీతో పాటు అందరి చేతికీ వచ్చే ముక్క అది. అందులో పడేవి: మైదా, గుడ్లు, వెన్న, చక్కెర, బాగా మాగిన అరటిపండ్లు, ఎండుద్రాక్ష, బత్తాయి రసం, గూడూరు నిమ్మకాయల తొక్క తురుము. ఓవెన్ లేదు. పెద్ద అల్యూమినియం గిన్నెలో ఇసుక పోసి, అందులో కేకు గిన్నె దించి, మూతపెట్టి పొయ్యి మీద కాల్చేది.

అత్త కాన్పుల నర్సుగా పనిచేసింది. తల్లి పొట్ట మీద చెక్క గొట్టం ఆనించి బిడ్డ గుండె విన్న చెవి ఆమెది. కేకునూ అలాగే వినేది. లోపల తడి ఉన్నంతసేపూ అది సన్నగా చిటపటలాడుతుంది, కాలేకొద్దీ ఆ చప్పుడు అణుగుతుంది. మూత తీసి, వంగి విని, "ఇంకా మాట్లాడతా ఉండాది" అని మళ్లీ మూసేది. అందుకోసం ముందు ఫ్యాను, తర్వాత టీవీ, నీళ్ల మోటారు, ఫోన్లు, చివరికి పక్కింటి మిక్సీ కూడా ఆపించేది.

"నా చట్నీ ఏం గావాల ఎస్తేరక్కా?" అని పక్కింటామె గోడ మీద నుంచి అడిగేది.

"నీ చట్నీ యాడికీ పోదు. కాసేపు ఊరకుండు."

గూడూరు దగ్గరి నిమ్మతోటలో బావినీళ్ల వంతు గురించి గొడవపడి, నాన్న, పెదనాన్న ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు. పెళ్లిళ్లలో చెరో మూల కూర్చునేవారు. అత్త పంచాయతీ పెట్టలేదు, బుద్ధులు చెప్పలేదు. ఈస్టరు ముందు శనివారం పెదనాన్నను నిమ్మకాయలు, నాన్నను గుడ్లు, అరటిపండ్లు తెమ్మనేది. ఒకసారి పెదనాన్న సంచిని ఆటోలో పంపిస్తే, అదే ఆటోలో తిప్పి పంపింది. "తెచ్చినోడు కేకు అయ్యేదాకా కూర్చోవాల" అని కబురు పెట్టింది. ఆయన సాయంత్రానికల్లా వచ్చాడు.

పెదనాన్న తొక్క తురిమేవాడు. "తెలుపు దాకా పోబాకురా, చేదొస్తాది" అని అత్త పక్కనే నిలబడేది. నాన్న గుడ్లు గిలక్కొట్టేవాడు. తర్వాత పొయ్యికి అటొకరు, ఇటొకరు. ఆ గదిలో ఎవరూ మాట్లాడకూడదు గనుక వాళ్ల మౌనం పగ లాగా కనిపించేది కాదు. పెదనాన్న చెవి మందగించాక కూడా అందరికంటే శ్రద్ధగా వింటున్నట్టు కూర్చునేవాడు. యంత్రాల్లో ఒత్తిడి కొలవడం నా వృత్తి. ఇద్దరు మొండివాళ్ల మధ్య అంత ఒత్తిడిని అంత నెమ్మదిగా దించడం నేను మరెక్కడా చూడలేదు.

"నిజంగా వినడానికేనా అత్తా, లేక వాళ్లని కూర్చోబెట్టడానికా?" అని ఒకసారి అడిగాను.

"రెండిటికీ అబ్బయ్యా. ఊరికే కూర్చోమంటే కూర్చుంటారా ఆ మహానుభావులు?"

ఆమెను సమాధి చేశాక వచ్చిన ఈస్టరు ముందు శనివారం నేను ఆ ఇంటి తాళం తీసేసరికి నాన్న గుడ్లు, అరటిపండ్లతో అరుగు మీద ఉన్నాడు. కాసేపటికి పెదనాన్న నిమ్మకాయల సంచితో ఆటో దిగాడు. వాళ్లను ఎవరూ పిలవలేదు. ఎవరి పని వాళ్లు చేశారు. నేను ఫ్యాను ఆపాను. పక్కింటామె అడగకుండానే మిక్సీ ఆపింది.

చాలాసేపటికి పెదనాన్న మూత తీసి వంగాడు. మళ్లీ వంగాడు. ఆయనకు ఏమీ వినిపించలేదు. తల ఎత్తకుండానే, "ఏమంటా ఉండాది?" అని అడిగాడు.

అడిగింది నన్ను కాదు. నాన్న వంగి చెవి పెట్టాడు.

"ఇంకా మాట్లాడతా ఉండాది అన్నా."

"అయితే కూర్చుందాం."

మర్నాడు ఒడ్డున పంచిన కేకు చేదుగా ఉంది. "తెలుపు దాకా పోయినావన్నా" అన్నాడు నాన్న. పెదనాన్న చేతిలోని ముక్కను చూస్తూ, "అక్క ఉంటే పోనిచ్చేదా" అన్నాడు. ఇద్దరూ ఆ చేదును ఆఖరి పలుకు దాకా తిన్నారు. అత్తా, నీ కేకు మాకిక రాదు. నువ్వు వినాలని కాచుకున్న మాట మాత్రం మీ తమ్ముళ్లు ఆడారు.