వస్తాదు, నా టేపు

మా ఆయన కుక్కలకు శిక్షణ ఇస్తాడు. ఎంత పెద్ద కుక్క గుర్రుమన్నా "పాపం, భయపడుతోంది" అంటాడు. నేను ఒక్క మాట గట్టిగా అంటే మాత్రం "ఎందుకలా ఒంటికాలి మీద లేస్తావు?" అంటాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే న్యాయం.

అంతకుముందు ఇంటింటికీ పేపర్లు వేసేవాడట. కుక్కలు పిక్కలు పట్టుకోగా పట్టుకోగా, అసలు వాటి సంగతేమిటో తేల్చుకుందామని ఈ పనిలోకి వచ్చాడు. ఇంకా తేల్చుకుంటూనే ఉన్నాడు.

మామూలుగా ఎవరి కుక్కకు వాళ్ళ ఇంటి దగ్గరే నేర్పుతాడు. ఈసారి మాత్రం ఒకదాన్ని ఇంటికే తెచ్చాడు. ఇనప సామాన్ల కొట్టాయన గోడౌను కాపలాకని పెంచుతున్న కుర్ర కుక్క. వస్తాదు అని పేరు. పనివాళ్ళ మీదికే కాదు, కొట్టాయన మీదికీ ఎగురుతోందట. "నెలాఖరుకల్లా నా మాట వినాలి. లేకపోతే ఊరి బయట వదిలేస్తా" అన్నాడట.

మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నా కుట్టుమిషను, దాని పక్కనే ఈ వస్తాదు. నేను వంట చేసుకుంటుంటే బుద్ధిమంతుడిలా పడుకునేది. మిషను దగ్గర పనిలో దిగానంటే చాలు, గుర్రుమనేది. ఎవరికైనా కొలతలు తీయబోతే పళ్ళు బయటపెట్టి ఎగిరేది. ఒక టీచరమ్మయితే గుమ్మంలోంచే తన నడుం కొలత వీధంతా వినిపించేలా చెప్పి వెళ్ళిపోయింది.

"అది నా మీద పగబట్టిందండీ," అన్నాను.

"పగ కాదే, భయం. చూడు." గొలుసు విప్పి, వంటింటి తలుపు బార్లా తెరిచి పక్కకు తప్పుకున్నాడు. నేను మిషను మీదికెక్కినంత పని చేశాను. కుక్క నన్ను చూసి అరుస్తూనే వెనక్కి వెనక్కి నడిచి వంటింట్లో దూరింది.

"దారి దొరకగానే పారిపోయింది, చూశావా? కోపమైతే దారి ఇచ్చినా మీదికే వచ్చేది."

"మరి దేనికి భయం?"

"అదే తెలియడం లేదు."

ఇన్నేళ్ళు కుక్కలతో తిరిగి, అసలు సంగతే తెలియకపోతే ఏం లాభం? నేల మీద కూర్చుని, దానివైపు చూడకుండా బిస్కెట్ ముక్కలు విసురుతూ గంటలు గడిపేవాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చేది. ఒకరోజు బాగుపడినట్టే ఉండేది, మర్నాడు మళ్ళీ మొదటికే. అన్నం దగ్గర కూడా "ఇవాళ చెవులు వెనక్కి పెట్టలేదు" అని పిల్లాడి మార్కులు చెప్పినట్టు చెప్పేవాడు.

నెలాఖరున కొట్టాయన వచ్చాడు. వస్తూనే చేతిలోని తోలు పట్టీని రెండు మడతలు వేసి, "ఏరా వస్తాదూ, బుద్ధొచ్చిందా?" అన్నాడు. పట్టీ ఇంకా ఎత్తనైనా లేదు, కుక్క మిషను కిందికి దూరి, నా కాళ్ళ మధ్య నక్కి, అక్కడే తడిపేసింది.

అతని చేతిలో పట్టీ చూశాను. నా మెడలో వేలాడుతున్న కొలతల టేపు చూసుకున్నాను. రోజంతా దాని కళ్ళ ముందు నేను లాగింది, మడిచింది, ఝాడించింది ఇదే. ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన మెల్లిగా మొదలుపెట్టాడు. "అది భయపడుతోందండీ. ఇంకొంచెం టైమిస్తే..."

"భయముంటేనే మాట వింటుంది," అంటూ కొట్టాయన మిషను కిందికి చెయ్యి పెట్టబోయాడు.

నేను లేచాను. వంటింటి తలుపు నా వెనకే తెరిచి ఉంది. నేను ముందుకే వెళ్ళాను.

"ముందు ఆ పట్టీ కింద పడెయ్యండి! కుక్క ఎక్కడికీ రాదు. కాపలా కావాలంటే మనిషిని పెట్టుకోండి!"

"ఇదేంటమ్మా, మీద పడతావ్?" అంటూ అతను వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దిగాడు. వీధిలోకి చేరాక గొంతు పెంచాడు. "ఉంచుకోండి! రేపు మిమ్మల్నే కరుస్తుంది!"

మా ఆయన నన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పండి, ఇది భయమా?" అన్నాను.

"కాదు," అన్నాడు.

వస్తాదు ఇక్కడే ఉంది. టేపు ఇప్పుడు మెడలో వేసుకోవడం లేదు, మిషను సొరుగులో దాస్తున్నాను. ఎవరొచ్చినా ముందు కుక్కను వంటింట్లోకి పంపాలి, సొరుగు తీయాలి, అప్పుడు కొలవాలి. ఇప్పుడు ఒక చొక్కా కొలతలకు పట్టే టైములో ఇదివరకైతే గుడ్డ కత్తిరించడం కూడా అయిపోయేది. టీచరమ్మ మళ్ళీ రాలేదు. నా విసుగు నాకుంది. సొరుగు మాత్రం చప్పుడు కాకుండా తీస్తున్నాను.